కిర్క్‌వాల్ ఎర్ల్స్ ప్యాలెస్: దసరా సెలవుల్లో పోతే లోపలికి రానిస్తరా?

మూసీ_ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మా బిడ్డ అబెర్డీన్‌ల ఎమ్మెస్సీ చదువుతున్నది. దసరా సెలవులకు నేను, మా ఇంటామె, మా అమ్మ నల్లగొండ నుంచి పోతున్నం. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవులల్ల కిర్క్‌వాల్ అనే ఊరున్నది. ఆ ఊరి నడుమ ఎర్ల్స్ ప్యాలెస్ (ఎర్ల్ అంటే ఆడి పెద్ద దొర బిరుదు) అని పైకప్పు లేని పాత రాజభవనం ఉన్నదట. స్కాట్లాండ్‌ల మిగిలిన రినైసాన్స్ కట్టడాలల్ల దాన్ని మించింది లేదని చదివిన. ఫొటోలు చూసినంక ఎట్లన్నా పోవాలె అనిపిస్తున్నది.

అక్టోబరు రెండో వారంల అబెర్డీన్ నుంచి పొద్దుగాల బయల్దేరి, చూసుకొని, రాత్రికి వాపస్ రావాలని ప్లాన్. అయితదా? లోపల ఎంతసేపు పడ్తది? అమ్మకు 68 ఏండ్లు, మోకాళ్ల నొప్పి. నిదానంగ మెట్లెక్కుతది కానీ పట్టుకోనీకె ఏదన్నా ఉండాలె. మేం శాకాహారులం. వీసాలు వచ్చినయి కాబట్టి ఆ ముచ్చట వద్దు. తెలిసినోళ్లు వివరంగ చెప్పగలరు.

కోటబురుజు

ముందు తేదీలు మార్చుకోండి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఎర్ల్స్ ప్యాలెస్‌నూ, పక్కనే ఉన్న బిషప్స్ ప్యాలెస్‌నూ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. తెరిచేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకే. అక్టోబరులో వెళ్తే రోడ్డు మీది నుంచి గోడలు, బురుజులు కనిపిస్తాయి. హాల్లో మాత్రం అడుగు పెట్టలేరు. అంత దూరం వెళ్ళి కంచె ఇవతల నిలబడి రావడం అన్యాయం. వినాయక చవితి అవగానే బయల్దేరగలిగితే గట్టెక్కుతారు.

ఇంకో సంగతి. సీజన్లో కూడా అన్ని భాగాలూ తెరిచి ఉంటాయని అనుకోవద్దు. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ సంస్థ తన చేతిలోని పాత కట్టడాల పై భాగాలను రాయి రాయీ తడిమి పరీక్ష చేయిస్తోంది. పరీక్ష, మరమ్మతు పూర్తయ్యేదాకా కొన్నిచోట్ల కంచె వేసి ఆపేస్తారు. కారణం లేకపోలేదు. ఈ భవనం పైకప్పు 18వ శతాబ్దంలోనే పోయింది. అప్పటి నుంచి వాన నేరుగా గోడ నెత్తిన పడి లోపలికి దిగుతుంది, రాళ్ళ మధ్య సున్నం కరిగి కారిపోతుంది, చలికాలం ఆ తడి గడ్డకట్టి ఉబ్బితే రాయి పెచ్చులూడుతుంది. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. మన దేవరకొండ కోట గోడలకు రావి వేర్లు శత్రువైతే అక్కడ గాలివానే శత్రువు. అందుకని వెళ్ళే వారం సంస్థ వెబ్‌సైట్లో ఆ కట్టడం పేజీ తెరిచి, ప్రవేశం గురించి పెట్టిన ప్రకటన చదవండి. టికెట్ కొన్న తర్వాత గేటు దగ్గర తెలుసుకుంటే ఏం లాభం.

ఇక చూసే వరుస. చాలామంది నేరుగా హాల్లోకి వెళ్ళి నాలుగు ఫొటోలు తీసుకుని పది నిమిషాల్లో బయటపడతారు. అట్లా చూస్తే అది నాలుగు గోడలే. ఈ భవనం ఒక అతిథిని వాకిలి నుంచి యజమాని ముందు దాకా నడిపించే తీరులో కట్టినది. ఆ దారినే మీరూ నడవాలి.

మొదట బయట పూర్తిగా ఒక చుట్టు తిరగండి. భవనం ఎల్ ఆకారంలో ఉంటుంది. పై మూలల్లో గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి మోపుల మీద గుండ్రటి బురుజులు నిలబెట్టారు. వాటి కింద ఒకదాని మీద ఒకటిగా చెక్కిన రాతి వరసలు చూడండి, ఒక్కో వరస కింది దానికంటే కాస్త ముందుకు వస్తుంది. బురుజు బరువంతా అట్లా మెట్టుమెట్టుగా గోడలోకి దిగుతుంది. గోడ దాటి బయటికి ఉబ్బిన పెద్ద కిటికీలున్నాయే, ఆ భవనానికి అందమంతా అవే. అయినా కింద తుపాకీ గొట్టం పట్టే రంధ్రాలు వదల్లేదు. కట్టించినవాడికి దర్జా ఎంత ముఖ్యమో భయం కూడా అంతే ఉందని ఆ రెండూ పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది.

ప్రధాన ద్వారానికి రెండు పక్కలా స్తంభాలు, పైన వంశ చిహ్నాలు చెక్కిన ఫలకాలు. బాగా అరిగిపోయాయి. ఎండ పక్కవాటుగా పడే వేళ చూస్తేనే చెక్కడం పైకి తేలుతుంది. మబ్బు రోజైతే ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూడొచ్చు.

లోపల కింది అంతస్తంతా రాతి కమాను కప్పుల గదులు: సరుకు కొట్లు, వంటగది, ఒక బావి. పైన పడే హాలు బరువు మోయడానికీ, వంటింటి నిప్పు పైకి పాకకుండా ఉండడానికీ కింద కర్ర వాడకుండా రాతి కప్పే వేశారు. పైకప్పు పోయినా ఈ అంతస్తు చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం అదే. వంటగది పొయ్యి గూడు లోపలికి తలపెట్టి పైకి చూడండి, పొగగొట్టం ఎంతదో తెలుస్తుంది. ఈ గదులు చీకటి, నేల ఎగుడుదిగుడు, వానరోజు తడిగా ఉంటుంది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగి నడవండి.

తర్వాత మెట్లు. ఇక్కడ నిదానించాలి. ఆ కాలపు స్కాట్లాండ్ కోటల్లో ఎక్కువగా ఇరుకు మురి మెట్లే ఉంటాయి, ఒకరి వెనక ఒకరు ఎక్కాలి. ఇక్కడ వెడల్పాటి తిన్నని మెట్లు, వరసకీ వరసకీ మధ్య చదును. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన, పొడుగు బట్టలు తొక్కుకోకుండా, ఊరేగింపుగా ఎక్కొచ్చు. 1600ల తొలి ఏళ్ళలో ఆ దీవుల్లో ఇట్లాంటి మెట్లు కట్టడమంటే ఫ్రాన్సు దర్బారు ఫ్యాషన్ మాకూ తెలుసని చాటుకోవడమే.

పైన హాలు. ఒక పక్క గోడలో మనిషి నిలబడేంత పెద్ద పొయ్యి గూడు ఉంటుంది. దాని నెత్తిన ఉన్న రాతి దూలం వంపు లేకుండా అడ్డంగా, చదునుగా ఉంటుంది. అది ఒకే రాయి కాదు, ఒకదానికొకటి బిగించిన రాళ్ళు. దగ్గరికి వెళ్ళి అతుకులు చూడండి. అటూ ఇటూ ఉన్న స్తంభాల పైన కిరీటం, దానితో పాటు పి, ఇ, ఓ అక్షరాలు చెక్కి ఉంటాయి: పాట్రిక్, ఎర్ల్ ఆఫ్ ఆర్క్‌నీ. భవనం కట్టించినవాడు ఇతనే. దక్షిణపు గోడలో మూడు భాగాల పెద్ద కిటికీ ఉంది. మధ్యాహ్నం వెలుగంతా అందులోంచే వస్తుంది కాబట్టి ఫొటోలో మనుషుల ముఖాలు నల్లబడతాయి. దాన్ని వెనక పెట్టుకోకుండా పక్క గోడ వైపు తిప్పి నిలబెట్టండి. హాలు దాటితే సొంత గదులు, వాటికి చిన్న పొయ్యిలు. ఎవరు ఎంత లోపలిదాకా రావాలో గదుల వరసే చెప్పేస్తుంది.

దీనికి 45 నిమిషాల నుంచి గంట, బిషప్స్ ప్యాలెస్‌కు అరగంట పెట్టుకోండి. రెండింటికీ టికెట్ ఒకటే.

పాలమూరు_పోరి

అన్నా, పొద్దుగాల పోయి రాత్రికి వచ్చుడు ఓడ మీద కాదు. అబెర్డీన్ నుంచి కిర్క్‌వాల్‌కు నార్త్‌లింక్ ఓడ ఉన్నది కానీ రోజూ ఉండదు, వారంల కొన్ని రోజులే. సాయంత్రం 5 గంటలకు ఎక్కితే రాత్రి 11కు దింపుతది. వాపస్ వచ్చేది రాత్రి 11:45కు లేస్తది, తెల్లారి 7కు అబెర్డీన్. పోయే దినాలు వేరు, వచ్చే దినాలు వేరు. రెండూ కలిసేటట్టు చూస్కొని బుక్ చేయాలె. వచ్చేటప్పుడు అమ్మ ఉంటది కాబట్టి కుర్చీ టికెట్ కాకుండ క్యాబిన్ తీస్కోన్రి. ఆ రాత్రి హోటల్ ఖర్సు మిగుల్తది.

ఓడ ఆగేది హ్యాట్‌స్టన్ అనే రేవుల, ఊరికి 3 కిలోమీటర్లు ఉంటది. రాత్రి 11 దాటినంక చలిల సామాన్లు పట్టుకొని నిలబడితే టాక్సీ దొర్కదు. చిన్న ఊరు, ఉన్నయే కొన్ని టాక్సీలు. అబెర్డీన్‌ల ఉండంగనే ఫోన్ చేసి మాట్లాడి పెట్టుకోన్రి. హోటలోళ్లకు గూడ రాత్రి లేటు వస్తమని ముందే చెప్పాలె, చానా చోట్ల రాత్రి కౌంటర్ల ఎవ్వరుండరు, తాళం చెవి ఏడ పెడ్తరో మెసేజ్ పంపుతరు.

విమానమైతే లోగన్‌ఎయిర్ది, అబెర్డీన్ నుంచి గంటల లోపే. పైసలు ఎక్కువ. చిన్న విమానం, బ్యాగు బరువు కచ్చితంగ చూస్తరు. ఇంగ ఎండాకాలం సముద్రం మీద మంచు కమ్మితే రద్దు చేస్తరు. గాలి ఎక్కువైతే ఓడ రద్దు. అందుకే లండన్ నుంచి హైద్రాబాద్ టికెట్‌కు, ఆర్క్‌నీ నుంచి వచ్చే దినానికి నడుమ కనీసం రెండు దినాలు ఖాళీ ఉంచుకోన్రి. తెల్లారే ఫ్లైటు పెట్టుకున్నోళ్లే ఆగమైతరు.

మూడో దారి రైలు. అబెర్డీన్ నుంచి ఇన్వర్‌నెస్, ఆడికెళ్లి థర్సో దాంక దగ్గర దగ్గర నాలుగు గంటలు. థర్సో పక్కనే స్క్రాబ్‌స్టర్ రేవు. ఆడ ఓడెక్కితే గంటన్నరకు స్ట్రోమ్‌నెస్, మల్ల బస్సుల 24 కిలోమీటర్లు కిర్క్‌వాల్. దినమంత పోతది కానీ ఓడ హోయ్ దీవి పక్కకెళ్లి పోతది. 137 మీటర్ల ఎత్తున సముద్రంల ఒక్కటే రాతి కంబం నిలబడి ఉంటది, ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్ అంటరు. బిడ్డకు అది చూపియ్యొచ్చు, అమ్మను మాత్రం ఇన్నిసార్లు ఎక్కిచ్చి దించకున్రి. కడుపుల తిప్పే మనిషైతే మందు ఓడెక్కక ముందే వేసుకోవాలె, తిప్పుడు మొదలైనంక వేస్తే పని చెయ్యదు. ఓడ నడుమ, కింది డెక్కుల కూసుంటే ఊగుడు తక్కువ.

తిండికి రంది లేదు. కిర్క్‌వాల్‌ల పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నయి. బియ్యం, పెరుగు, కూరగాయలు అన్ని దొర్కుతయి. వంటిల్లున్న గది తీస్కుంటే సగం బాధ పోతది. ఇంటికెళ్లి పొడులు, సకినాలు పట్కపోన్రి. నెయ్యి, పాలకోవ లాంటివి పట్కపోవద్దు, మన దేశం నుంచి పాల సరుకు ఆ దేశంలకు రానియ్యరు, ఎయిర్‌పోర్టులనే తీసేస్తరు.

గద్వాల_గడీ

ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమనుకోవద్దు. పైకప్పు లేని గోడలు చూడనీకె సముద్రం దాటాల్నా? గద్వాల కోట ఉన్నది, వనపర్తి ప్యాలెస్ ఉన్నది. ఒకదాంట్ల డిగ్రీ కాలేజీ, ఇంకోదాంట్ల పాలిటెక్నిక్. దినాం పిల్లలు తిరుగుతున్నరు కాబట్టి కప్పులు గూడ నిలబడి ఉన్నయి. ఆర్క్‌నీ దాకా పోయినోళ్లు ఐదు వేల ఏండ్ల నాటి స్కారా బ్రే ఊరు చూడాలె, బ్రాడ్గర్ రాళ్ల వలయం చూడాలె. అవి ప్రపంచ వారసత్వ జాబితాల ఉన్నయి, 1999ల చేర్చిన్రు. మీ ప్యాలెస్ అండ్ల లేదు. ఒక్క దినమే ఉన్నోళ్లకు నేనైతే ప్యాలెస్ బయటి నుంచి చూసి అటు పోమంట.

కోటబురుజు

ఒక్కరోజే ఉంటే మీరు చెప్పిందే నేనూ చెప్తాను, అందులో వాదన లేదు. కానీ రెండూ పోటీ కాదు. స్కారా బ్రే ఊరికి 30 కిలోమీటర్లు, ప్యాలెస్ ఊరి నడిబొడ్డున. రెండు పగళ్ళుంటే రెండూ అవుతాయి. ఒక పగలు బయటికి, ఒక పగలు ఊళ్ళో. స్కారా బ్రే టికెట్ ఆన్‌లైన్లో వేళ చూసుకుని ముందే తీసుకోవాలి. బ్రాడ్గర్ వలయానికి టికెట్ లేదు, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, 36 రాళ్ళు మిగిలాయి. మేస్‌హౌ అనే పాత సమాధి గుట్టలోకి సన్నటి దారిలో నడుము వంచి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు అది పెట్టొద్దు.

వనపర్తి, గద్వాల మాట నిజమే. మనుషులు మసిలే కట్టడం ఆలస్యంగా కూలుతుంది. కిర్క్‌వాల్‌లో జరిగింది దానికి ఉల్టా. కట్టినవాడి చేతిలో కొన్నేళ్ళే ఉంది. ఆ తర్వాత బిషప్పులు 1688 దాకా వాడుకున్నారు, ఆ మీదట ఎవరికీ అక్కర లేకపోయింది, పైకప్పు ఊడదీశారు. అయితే ఒక లాభం కూడా ఉంది. మధ్యలో ఎవరూ కాపురం లేరు కాబట్టి ఎవరూ గోడలు పడగొట్టి గదులు మార్చలేదు, సిమెంటు పూయలేదు. 400 ఏళ్ళ కిందటి గదుల వరస ఉన్నదున్నట్టు చదవడానికి దొరికేది అందుకే.

నాగార్జున_మాస్టారు

చరిత్ర కాస్త కలపకపోతే ఆ పి, ఇ, ఓ అక్షరాలకు అర్థం ఉండదు. కొంతమంది దీన్ని స్కాట్లాండ్ మేరీ రాణి తమ్ముడు కట్టించాడని రాస్తున్నారు, అది తప్పు. స్కాట్లాండ్ రాజు ఐదవ జేమ్స్‌కు పెళ్ళికాని సంబంధంలో పుట్టినవాడు రాబర్ట్ స్టువర్ట్. మేరీ రాణికి సవతి సోదరుడయ్యేది ఆయన. 1581లో ఆర్క్‌నీకి ఎర్ల్ అయ్యాడు. ఆయన కట్టించింది బర్సే అనే పల్లెలోని వేరే ప్యాలెస్. కిర్క్‌వాల్‌ది ఆయన కొడుకు పాట్రిక్ కట్టించాడు. అతను ఇంకా ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో స్కాలవే కోట కూడా లేపాడు, 1600లో.

ఆ దీవులు అప్పటికి స్కాట్లాండ్ చేతికొచ్చి నిండా 150 ఏళ్ళు కూడా కాలేదు. డెన్మార్క్, నార్వేల రాజు మొదటి క్రిస్టియన్ తన కూతుర్ని స్కాట్లాండ్ రాజుకిచ్చి, కట్నం సొమ్ము ఇవ్వలేక 1468లో ఆర్క్‌నీని తాకట్టు పెట్టాడు, విడిపించుకోలేదు, 1472లో స్కాట్లాండ్ కలిపేసుకుంది. దూరపు దీవులు, పాత నార్వే చట్టాలు, పైన అడిగే దిక్కు లేదు. పాట్రిక్ అక్కడ దొర అయి కూర్చున్నాడు. అతని మీద పెట్టిన నేరారోపణల్లో జనం చేత కూలీ లేకుండా, తిండి పెట్టకుండా రాళ్ళు కొట్టించాడు, మోయించాడు అని ఉంది. నల్లగొండ వాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అది వెట్టి మీద లేచిన గడీ. పొయ్యి గూడు మీద కిరీటం చూసి మురిసేవాళ్ళు ఆ రాళ్ళు మోసిన చేతుల్ని కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

అప్పులు, ఫిర్యాదులు పెరిగి 1609లో పాట్రిక్‌ను నిర్బంధించారు. బందీగా ఉంటూనే 1614లో కొడుకు రాబర్ట్‌ను తిరుగుబాటుకు పంపాడు. కుర్రవాడు ప్యాలెస్‌నూ, కిర్క్‌వాల్ కోటనూ, ఊళ్ళోని పెద్ద చర్చి అయిన కెథెడ్రల్‌నూ పట్టుకున్నాడు. కెయిత్‌నెస్ ఎర్ల్ ఫిరంగులతో వచ్చి ముట్టడించాడు. 1615 జనవరిలో కొడుకును ఉరి తీశారు, ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో తండ్రి తల నరికారు. కిర్క్‌వాల్ కోటను పూర్తిగా కూలగొట్టారు, అందుకే ఇవాళ ఊళ్ళో కోట కనిపించదు, ప్యాలెస్‌లే కనిపిస్తాయి.

బిషప్స్ ప్యాలెస్ ఇంకా పాతది, 12వ శతాబ్దంలో మొదలైంది. నార్వే రాజు నాలుగో హాకన్ స్కాట్లాండ్‌తో జరిగిన లార్గ్స్ యుద్ధం నుంచి తిరిగి వెళ్తూ 1263 డిసెంబరులో అక్కడే చనిపోయాడు. గుండ్రటి బురుజు మాత్రం 16వ శతాబ్దం నడుమ బిషప్ రాబర్ట్ రీడ్ కట్టించినది. ఈ రీడ్ చదువుల కోసం రాసిపెట్టిన సొమ్ముతోనే తర్వాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి పునాది పడింది. పాట్రిక్ ఈ పాత ప్యాలెస్‌ను తన కొత్తదానితో కలిపి ఒకే పెద్ద ఆవరణ చేయాలనుకున్నాడు. పూర్తి కాలేదు.

మూసీ_ఒడ్డు

చానా థ్యాంక్స్. బిడ్డతోని మాట్లాడి సెప్టెంబరు మూడో వారానికి మార్చుకున్నం, కిర్క్‌వాల్‌ల రెండు రాత్రులు. ఇంక రెండు అడుగుత. అమ్మ హాలు దాకా పోగలదా, బిషప్ బురుజు ఎక్కగలదా? వాన పడితే ఏం చేయాలె? అందరూ గాలి గురించే చెప్తున్నరు.

పాలమూరు_పోరి

హాలు దాంక పోతది. తిన్నని మెట్లు, నడుమ నడుమ నిలబడి దమ్ము తీసుకోనీకె చదును ఉంటది. ఎక్కుడు కన్న దిగుడే కష్టం. దిగేటప్పుడు గోడ పక్క ఉండుమని చెప్పి, మీరు అమ్మకు ఒక మెట్టు కింద, ముందట నడవాలె. వెనక నడిస్తే పట్టుకోలేరు. బిషప్ బురుజుల మురి మెట్లు ఇరుకు, ఒక పక్క మెట్టు వెడల్పు బెత్తెడు గూడ ఉండదు. తెరిచి ఉన్నా అమ్మను ఎక్కియ్యకున్రి. మీరు, బిడ్డ పోయి రాన్రి. అమ్మ కింద కూసుంటది.

చెప్పులేసుకొని పోవద్దు. ఆడ నేలంత నున్నటి బండలు, తడిస్తే పాచి. కింద రబ్బరు గట్టిగ పట్టే బూట్లు కావాలె. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోవాలె, మెట్ల మీద కాలికి తట్టకుండ. చీర మీద పొడుగు కోటు వేసుకోవచ్చు కానీ అది గూడ మోకాళ్ల కిందికి రావద్దు. గొడుగు పనికి రాదు, తిరగబడి పుల్లలిరుగుతయి. టోపీ ఉన్న రెయిన్‌కోటు, లోపల స్వెట్టరు. సెప్టెంబరంటే ఆడ పగటి పూట గూడ పదమూడు పద్నాలుగు డిగ్రీలు దాటుడు కష్టం. ఇద్దరికి మోకాళ్ల దాంక తడవకుండ వాటర్‌ప్రూఫ్ ప్యాంటు తెచ్చుకుంటే ఇంగ మంచిది.

కోటబురుజు

వాన గురించి. ప్యాలెస్‌కు కప్పు లేదు కాబట్టి హాల్లో తడుస్తారు, కింది కమాను గదుల్లో తడవరు. జల్లు మొదలైతే కిందికి దిగి వంటగది చూడండి, తగ్గాక పైకి. జోరు వాన అయితే ఎదురుగా సెయింట్ మ్యాగ్నస్ కెథెడ్రల్లోకి వెళ్ళిపోండి. నడిచి రెండు నిమిషాలే, ప్రవేశం ఉచితం. 1137లో మొదలుపెట్టారు, ఎర్ర ఇసుకరాయీ పసుపు ఇసుకరాయీ కలిపి కట్టారు. 1486 నుంచి అది చర్చిది కాదు, ఊరి ప్రజల ఆస్తి. 1919లో ఒక స్తంభం లోపల, కెథెడ్రల్ ఎవరి పేరున ఉందో ఆ మ్యాగ్నస్ ఎముకలు దొరికాయి. గొడ్డలితో చీల్చిన పుర్రె అది. పై అంతస్తులకు చిన్న గుంపులుగా టూర్ ఉంటుంది, ముందే బుక్ చేయాలి, మెట్లు నిటారు. అమ్మను కింద కూర్చోబెట్టండి, బెంచీలకు కొదవ లేదు. రోడ్డుకవతల ట్యాంకర్‌నెస్ హౌస్ అనే పాత ఇంట్లో ఆర్క్‌నీ మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. దీవుల్లో దొరికిన వస్తువులు అక్కడ చూస్తే ఖాళీ గదుల్లో ఏముండేదో ఊహకు అందుతుంది.

ప్యాలెస్ చుట్టూ ఎత్తైన చెట్లుంటాయి. అవి కూడా వింతే, గాలికి ఆ దీవుల్లో చెట్లు దాదాపు పెరగవు. గోడల చాటున ఇవి బతికాయి. కాకులలాంటి రూక్ పక్షులు గూళ్ళు కట్టుకుంటాయి, కింద బెంచీ మీద కూర్చునే ముందు పైకి చూసి కూర్చోండి.

ఇంకోటి, కారు తీసుకుంటే బర్సే కూడా కలపండి. మాస్టారు చెప్పిన తండ్రి కట్టించిన ప్యాలెస్ అది, టికెట్ లేదు, ఏడాదంతా తెరిచే ఉంటుంది, మెట్లు ఎక్కే పని కూడా లేదు, నేల మీదనే తిరగొచ్చు. తండ్రిదీ కొడుకుదీ ఒకే రోజు చూస్తే ఒక్క తరంలో అభిరుచి ఎంత మారిందో తెలుస్తుంది. తండ్రిది నాలుగు వైపులా మూసుకున్న ముంగిలి, కొడుకుది ఊరంతా చూసే కిటికీలు. బర్సే ఎదురుగా ఉన్న చిన్న దీవికి పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు నడిచి వెళ్ళొచ్చు, పూర్తి ఆటు వేళకు రెండు గంటలు ముందు, రెండు గంటలు తర్వాత. వేళ దాటితే నీళ్ళు దారి కప్పేస్తాయి, మళ్ళీ ఆటు దాకా అక్కడే. మన డ్రైవింగ్ లైసెన్సుతో అక్కడ పన్నెండు నెలలదాకా కారు నడపొచ్చు. స్టీరింగ్ మనలాగే కుడివైపే. పల్లె రోడ్లు ఒక్క బండికే సరిపోతాయి, ఎదురు బండి వస్తే పక్కన వదిలిన జాగాలో ఆగాలి, అక్కడ పార్కింగ్ చేస్తే తిట్టించుకుంటారు.

గద్వాల_గడీ

సరే, ఒప్పుకున్న. రెండు దినాలుంటే ప్యాలెస్ గూడ చూడున్రి. కానీ ఒకటి మర్చిపోయిన్రు. కిర్క్‌వాల్‌కు పెద్ద పెద్ద క్రూజ్ ఓడలు వస్తయి. అవి వచ్చిన దినం పదకొండు నుంచి మూడింటి దాకా కెథెడ్రల్ చుట్టుపక్కల జాతరే, ఇసుకేస్తే రాలదు. ఏ దినం ఎన్ని ఓడలొస్తయో ఆర్క్‌నీ రేవుల వాళ్లు వాళ్ల వెబ్‌సైట్ల ముందే పెడ్తరు. ఆ పట్టిక చూసి, ఓడలు తక్కువున్న దినం ఊళ్లె ఉండున్రి, ఎక్కువున్న దినం బర్సే దిక్కు పోన్రి. స్కారా బ్రేకు గూడ వాళ్ల బస్సులే ముందు పోతయి, కాబట్టి అక్కడ పొద్దుగాల మొదటి టికెట్ తీస్కోండి.

నాగార్జున_మాస్టారు

ఆదివారం సంగతి కూడా చూసుకోండి. పొద్దున కెథెడ్రల్లో ప్రార్థన ఉంటుంది, ఆ వేళ చూడ్డానికి తిరగనివ్వరు. మ్యూజియం ఆదివారం మూసేస్తారు. మీ రెండు పగళ్ళలో ఒకటి ఆదివారం పడితే ఆ పగలు బర్సే, స్కారా బ్రేలకు పెట్టి, రెండో పగలు ఊళ్ళో ఉండండి. వెళ్ళేముందు పల్లె బస్సుల టైమ్‌టేబుల్ చూడండి, ఆదివారం బాగా తగ్గిపోతాయి. కారు లేకపోతే ఆ రోజుకు టాక్సీని నాలుగైదు గంటలకు మాట్లాడుకోవడమే మేలు, నలుగురు కదా, పంచుకుంటే భారం కాదు.